గాలికి పోయిన అక్షరం

రోజంతా తొక్కినా ఎక్కడికీ చేరని మనిషి ఎవరయ్యా అంటే మన దర్జీయే. పొద్దున తొమ్మిదింటికి కుట్టు మిషను ముందు కూర్చుంటే సాయంత్రం ఏడు దాకా కాళ్ళు ఆడుతూనే ఉంటాయి, కుర్చీ మాత్రం అంగుళం కదలదు. ఆ లోటు తీర్చుకోవడానికో ఏమో, నలభై ఆరేళ్ళ వయసులో సైకిల్ క్లబ్బులో చేరాడు. మొదటి ఆదివారమే అందరికంటే చివర వచ్చాడు. రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారానికల్లా ఎవరూ శ్రమపడి పెట్టకుండానే "తోక" అనే పేరు దానంతటదే స్థిరపడిపోయింది.

ఆయన్ని క్లబ్బులోకి లాగింది భార్యకు సొంత అన్నయ్య. గడియారాలు బాగుచేసే దుకాణం ఆయనది. దర్జీకి ఆయన బావ, ఆయనకు దర్జీ బావ. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకుంటారు కాబట్టి మనకు తికమక లేకుండా ఈయన్ని గడియారాల బావ అందాం. క్లబ్బుకు కెప్టెనూ ఈయనే. వారమంతా కంటికి భూతద్దం తగిలించుకుని ఆవగింజంత చక్రాలతో కుస్తీ పట్టి, ఆదివారం పూట పెద్ద చక్రాలు ఎక్కుతాడు. ఎవరైనా మాటవరసకు "ఐదు నిమిషాల్లో వస్తా" అంటే గడియారం చూసుకుని మరీ నిలబడే రకం.

ఏటా ఒకసారి జట్ల పందెం జరుగుతుంది. జట్టుకు నలుగురు. ఇటుక బట్టీ దగ్గర బయలుదేరి, రైలు పట్టాల పక్క రోడ్డు మీద ఇరవై ఐదు కిలోమీటర్లు తొక్కి, స్టేడియం గేటు ముందు గీసిన సున్నపు గీత దాటాలి. అయితే లెక్క మూడోవాడిది. మూడో సైకిలు గీత దాటగానే గడియారం ఆపుతారు, ఆ క్షణానే ఫోటో తీస్తారు. నాలుగోవాడు దారిలో ఆగి టీ తాగి వచ్చినా అడిగే నాథుడు లేడు.

కాబట్టి ఫోటోలో ఎప్పుడూ ముగ్గురే. గడియారాల బావ, లెక్కల మాస్టారు, ఆస్పత్రి నర్సమ్మ. బావ దుకాణం గోడ మీద అలాంటి ఫోటోలు ఆరు వరసగా ఉన్నాయి. ఆరింటిలోనూ వాళ్ళు వేసుకున్న ఆకుపచ్చ చొక్కాలు దర్జీ కుట్టినవే. వీపు మీద మూడేసి జేబులు, చంకల కింద గాలాడే బట్ట, ఎక్కడా పోగు బయటికి కనపడని కుట్టు. కుట్టినవాడు మాత్రం ఒక్కదానిలోనూ లేడు.

దర్జీకి పతకాల మీద పెద్ద మోజు లేదు. ఆ గోడ మీద ఒక్క ఫోటోలో తను ఉండాలి, అంతే. ఆ కోరిక ఆరేళ్ళుగా మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఈ ఏడు మాత్రం పందేనికి ముందు రోజు ఆగలేక భార్య దగ్గర బయటపెట్టాడు.

"దానికేముందండీ! మా అన్నయ్య చొక్కా పొట్ట దగ్గర రెండంగుళాలు లోపలికి పట్టెయ్యండి. ఊపిరాడక తనే వెనకబడతాడు" అంది ఆవిడ.

"ఛ, కొలత తప్పి కుడతానా!" అన్నాడు దర్జీ. కానీ టేపు వైపు ఓసారి చూశాడు. చూడలేదంటే అబద్ధమే.

ఇక క్లబ్బు కేకల సంగతి చెప్పాలి. పందెంలో ఒకరి వెనక ఒకరు, ముందువాడి చక్రానికీ వెనకవాడి చక్రానికీ జానెడు సందు మాత్రమే ఉంచి తొక్కుతారు. చెయ్యి వదిలి సైగ చేస్తే కొంప మునుగుతుంది. అందుకని రెండే మాటలు పెట్టుకున్నారు. ఎవరికైనా ప్రమాదం జరిగితే, టైరు పేలితే "ఆగు". నాలుగోవాడు అలిసిపోయి నన్ను వదిలేసి మీరు పొండి అని చెప్పాలంటే "సాగు". ఆగండి, సాగండి అనాలని మాస్టారు మొదట్లో పట్టుబట్టారు గానీ, అంత మర్యాదకు ఊపిరి ఎవరి దగ్గరా మిగలదని నర్సమ్మ తేల్చేసింది.

ఆరేళ్ళుగా "సాగు" అనే మాట దర్జీ సొత్తు. ఇంకెవరికీ దాని అవసరమే రాలేదు.

ఆ ఏడాది పందెం రోజున గాలి విపరీతంగా ఉంది. అదీ నేరుగా ముఖానికి కొట్టే ఎదురుగాలి. బయలుదేరే ముందు గడియారాల బావ పథకం చెప్పాడు. "బావా, నువ్వు పదిహేనో కిలోమీటరు వంతెన దాకా లాగు. అయిపోయిందనిపిస్తే సాగు అను. మేం చూసుకుంటాం."

"చొక్కా సరిపోయిందా?" అన్నాడు దర్జీ.

"పొట్ట దగ్గర పట్టేస్తోంది. కొలత తప్పావు."

"నేను పోయినేడు కొలతకే కుట్టాను. తప్పింది నువ్వే." నర్సమ్మ పకపకా నవ్వింది.

వంతెన దాకా దర్జీ పళ్ళ బిగువున వచ్చాడు. తన వంతు వచ్చినప్పుడల్లా ముందుకు వెళ్ళి గాలిని ఎదుర్కొన్నాడు. వంతెన ఎక్కేసరికి కాళ్ళు మొరాయించాయి. కళ్ళ ముందు చుక్కలు కనపడ్డాయి. ఏడో ఏడు కూడా ఇంతేనా అని దుఃఖం ముంచుకొచ్చింది. అయినా జట్టు జట్టే కదా. ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని "సాగు!" అని అరిచాడు.

ఎదురుగాలిలో వెనకవాడి కేక ముందువాడికి సగమే చేరుతుంది. "స" గాలికి ఎగిరిపోయి, మిగతాది గడియారాల బావ చెవిన పడింది. ఆయన ఠక్కున బ్రేకు పట్టాడు.

అది చూసి దర్జీ "సాగు! సాగు!" అని ఇంకా గట్టిగా అరిచాడు. పాపం, దర్జీ పడిపోయి ఉంటాడనుకుని ముగ్గురూ పూర్తిగా కాళ్ళు కింద పెట్టేశారు. నర్సమ్మ అయితే వెనక జేబులో దూది కోసం వెతుకుతోంది.

"ఏమైంది బావా? టైరా?" అన్నాడు గడియారాల బావ.

"ఏమీ కాలేదు! ఎందుకాగారు?"

"నువ్వు ఆగమంటే ఆగాం!"

"నేను సాగమన్నాను!"

"సాగమంటే సాగమనే అనాలి గానీ ఆగమంటావేం?"

"స అన్నానయ్యా! స! నా నోట్లోంచి వచ్చింది, నీ చెవిలోకి వెళ్ళకపోతే నేనేం చెయ్యను?"

"ముందు ఎక్కండి, తొక్కుతూ కూడా పోట్లాడొచ్చు" అని మాస్టారు కసిరారు. గడియారాల బావ చేతి గడియారం చూసుకున్నాడు. ముప్పై ఒక్క సెకన్లు. ఆ అంకె చూసి ఆయన ముఖం కందగడ్డలా మారింది.

అక్కడే ఆయన పొరపాటు చేశాడు. పోయిన ముప్పై ఒక్క సెకన్లూ తనొక్కడే తిరిగి తేవాలని ముందుకెక్కి, వంతు అయిపోయినా పక్కకు తప్పుకోలేదు. నర్సమ్మ "నేనొస్తాను" అంటే వినలేదు. మాస్టారు "శక్తి అయిపోతుంది" అంటే వినలేదు. ఇటు దర్జీకి ఆ అరనిమిషం విశ్రాంతి అమృతంలా పనిచేసింది. తేరుకున్న కాళ్ళతో బావ వెనక గాలి తగలని చోట ఇరుక్కుని హాయిగా తొక్కాడు. ఈ మజా ఇన్నాళ్ళూ వీళ్ళు దాచుకున్నారా అనుకున్నాడు.

ఇంకా కిలోమీటరున్నర ఉందనగా గడియారాల బావ పక్కకు తప్పుకున్నాడు. మనిషిలో పస అయిపోయింది. నర్సమ్మ ముందుకొచ్చింది, ఆమె వెనక మాస్టారు, మాస్టారి వెనక దర్జీ. కాసేపటికి వెనక నుంచి సన్నగా ఒక కేక వినిపించింది.

"ఆగు!"

దర్జీ వేలు బ్రేకు మీదకు వెళ్ళింది. అంతలో ఇందాకటి గొడవ గుర్తొచ్చింది. ఈ గాలిలో తను సాగు అంటే వాళ్ళకు ఆగు అని వినిపించింది. అంటే ఇప్పుడు ఆగు అని వినిపిస్తోందంటే బావ అన్నది సాగే! ఆరేళ్ళుగా తన సొత్తయిన మాట, ఈ రోజు బావ నోట. ఫోటోలో తన చోటు నాకు ఇచ్చేస్తున్నాడు!

"సాగమంటున్నాడు! పదండి, పదండి!" అని ముందువాళ్ళకు అరిచాడు.

"ఆగూ..!" వెనక కేక ఈసారి దీర్ఘం తీసింది. ఎంత మంచి మనసు! ఊపిరి అందకపోయినా నొక్కి నొక్కి చెబుతున్నాడు. దర్జీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత కూడా ఏవో నాలుగు మాటలు గాలిలో కలిసిపోయాయి. దీవెనలే అయి ఉంటాయనుకున్నాడు. ఆ దీవెనల బలంతో మాస్టారి చక్రానికి అతుక్కుపోయి, దంచి కొట్టినట్టు తొక్కి, నోరు తెరుచుకుని సున్నపు గీత దాటాడు. ఫోటో తీసిన చప్పుడు విన్నాడు. మనిషి సైకిలు దిగకుండానే ఏడ్చేశాడు.

పుట్టుకతోనే సైకిలెక్కినట్టుండే పోస్టుమాన్ల జట్టును నాలుగు సెకన్ల తేడాతో దాటి రెండో స్థానం తెచ్చుకున్నారు. క్లబ్బుకు అదే మొదటి పతకం.

గడియారాల బావ వచ్చేసరికి అక్కడ చప్పట్లు మోగిపోతున్నాయి. ముఖం ఎర్రగా ఉంది, నోరు తిట్టడానికి సిద్ధంగా తెరిచి ఉంది. దర్జీ పరుగెత్తుకెళ్ళి గట్టిగా వాటేసుకున్నాడు.

"బావా! నాకోసం నువ్వు వెనకుండి సాగు అన్నావు చూడు, ఈ జన్మలో మర్చిపోను."

"నేనా? నేను..."

"నీ ఫోటో పోతుందని తెలిసి కూడా అన్నావు! ఆ గోడ మీద నేనూ ఉండాలని ఆరేళ్ళుగా అనుకుంటున్నాను బావా. నీకెలా తెలిసింది?"

గడియారాల బావ దర్జీ ముఖం వంక చూశాడు. చెమట, కన్నీళ్ళు, దుమ్ము కలిసిన ఆ ముఖంలో పండగ కనపడుతోంది. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాడు.

"సాగు అనే అన్నాను. ముందు మంచినీళ్ళు తే."

ఆ వారమంతా దర్జీ ప్రతి ఖాతాదారుకూ బావ త్యాగం కథ చెప్పాడు. కాజాలు కుడుతూ చెప్పాడు, కాలరు కత్తిరిస్తూ చెప్పాడు. భార్య ఐదు రోజులు ఓపిగ్గా విని ఆరో రోజు అడిగేసింది.

"ఏవండీ, మా అన్నయ్య బస్సెక్కడం ఎప్పుడైనా చూశారా? తను కూర్చోకముందే బస్సు కదిలితే ఊరంతా వినపడేలా అరుస్తాడు. అలాంటివాడు నన్ను వదిలేసి పొండి అన్నాడా?"

దర్జీ చేతిలో కత్తెర ఆగిపోయింది.

మర్నాడు బావ దుకాణానికి వెళ్ళాడు. ఏడో ఫోటో గోడకు ఎక్కింది. నర్సమ్మ, మాస్టారు, చివర్న నోరు తెరుచుకుని తను. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. గడియారాల బావ మాత్రం తల ఎత్తకుండా ఏదో స్ప్రింగు సరిచేస్తున్నాడు. పక్కనే బల్ల మీద కొత్త సైకిలు గంటలు నాలుగున్నాయి.

"ఇవెందుకు బావా?"

"ఇకనుంచి కేకలు వద్దు. ఒక గంట కొడితే ఆగడం, రెండు కొడితే సాగడం."

దర్జీకి అనుమానం బలపడింది. ఫోటోలో తన భుజం వెనక, రోడ్డు మీద దూరంగా, ఆకుపచ్చ చుక్క ఒకటి ఉంది. బల్ల మీది రెండో భూతద్దం తీసి కంటికి ఆనించుకుని ఆ చుక్క దగ్గరికి వంగాడు. సైకిలు మీద గడియారాల బావ. పొట్ట దగ్గర చొక్కా బిగుతు కూడా తెలుస్తోంది. కుడి చెయ్యి పైకెత్తి, అరచెయ్యి ముందుకు చాచి ఉన్నాడు.

క్లబ్బులో అయినా బయట అయినా ఆ సైగకు అర్థం ఒక్కటే. అంటే చెయ్యి వదిలితే పడే ప్రమాదం ఉన్నా, ఆగండ్రా అని ప్రాణాలకు తెగించి ఎత్తాడన్నమాట. దర్జీకి ముందు సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత, తిట్టడానికి తెరిచిన నోటితో "సాగు అనే అన్నాను" అన్న మనిషి గుర్తొచ్చాడు.

"బావా," అన్నాడు మెల్లగా, "ఇక్కడ చెయ్యెత్తింది నువ్వే కదూ?"

గడియారాల బావ చేతిలోని స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. ఆయన వెతకలేదు. కంటి నుంచి భూతద్దం తీసి, గోడ వైపు ఓసారి, దర్జీ వైపు ఓసారి చూశాడు.

"కనపడ్డంలా?" అన్నాడు. "దీవిస్తున్నాను."