నిమిషానికి రెండు వందల ఇరవై ఐదు

నా నోరు పడిపోను, మా చెల్లెలి కొంప ముంచింది ఈ నోరే.

అమెరికాలో, అయోవా రాష్ట్రంలో మా జిల్లా కోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు స్టెనో మిషన్ ముందు కూర్చుని, సాక్షులు చెప్పిన ప్రతి మాటా ఎక్కించాను. నేను ఉద్యోగం నుంచి దిగిపోయేటప్పుడు జడ్జి హెమ్‌స్టెడ్ గారు, "జూన్ దాకా నీ కుర్చీ ఖాళీగా ఉంచుతాను. మీ చెల్లెలు మార్లిస్ స్టెనో పరీక్షలు గట్టెక్కితే ఆమెదే" అన్నారు. మొగుడు పోయి ఇద్దరు పిల్లలతో మిగిలిన మార్లిస్ ఆ కుర్చీ మీదే ఆశలన్నీ పెట్టుకుంది.

తక్కిన పరీక్షలన్నీ అయ్యాయి. ఒక్కటే మిగిలింది. నిమిషానికి రెండు వందల ఇరవై ఐదు మాటల చొప్పున ఐదు నిమిషాలు, నూటికి ఐదు తప్పులు దాటకుండా అందుకోవాలి. ఎనిమిది నెలలు రోజూ సాయంత్రం మా వంటింట్లో నేను పాత సాక్ష్యాలు చదివేదాన్ని, అది కొట్టేది. కాగితం మీద పావు నిమిషానికో గీత. గడియారం చూస్తూ ఆ గీతలు అందుకుంటూ చదవాలి. దాని వేళ్లు తడబడితే నా ప్రాణం ఊరుకునేది కాదు. గడియారం బోర్లా పెట్టి నిదానించేదాన్ని.

"ఎంతొచ్చిందక్కా?"

"రెండొందల ఇరవై ఐదేనే. నన్ను మించిపోయావు."

"చాల్లే, మునగచెట్టెక్కించకు" అనేది. కానీ నమ్మేది.

మే నెలలో నవ్వుతూ పరీక్షకు వెళ్లింది. రెండో నిమిషానికే వేళ్లు ఆగిపోయాయట. జూన్‌లో నా కుర్చీలో పక్క జిల్లా ఆవిడ కూర్చుంది.

ఆ ఆదివారం మార్లిస్ వచ్చి గడియారం నా ముందు పెట్టింది.

"ఇవాళ గీతకి గీత చదువు. నా మొహం చూడకు."

చదివాను. రెండో నిమిషంలో మిషన్ చప్పుడు ఆగింది. అయినా ఐదు నిమిషాలూ చదివాను.

"ఇన్నాళ్లూ నాకు ఎంతలో చదివావక్కా?"

"నూట తొంభై ఉంటుందేమో."

"మొదటి నెలలోనే ఇలా చదివుంటే, ఏడుస్తూనో తిడుతూనో మిగతా ఏడు నెలల్లో నేర్చుకునేదాన్ని కదా."

"మళ్లీ పరీక్షుంది కదే. రేపట్నుంచి సరిగ్గా చదువుతాను."

"రేపట్నుంచి ధాన్యం గోదాములో కాటా దగ్గర పని ఒప్పుకున్నాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం. మాట అందకపోతే కోర్టులో లాయర్లనే చెయ్యెత్తి ఆపినదాన్ని, ఇంట్లో నా నోటిని ఆపుకోలేకపోయాను.

మార్లిస్ మిషన్ పెట్టెలో పెట్టి మూత వేసింది.

"నా వల్ల కాదని నీకు మొదట్నుంచీ అనిపించింది. అందుకే నిదానించావు. అవునా అక్కా?"

కాదే, అనాలి. అనకుండా గడియారం తీసి బోర్లా పెట్టాను.