నలభై సెట్ల కార్డులు

ఇంగ్లీషు ట్యూషన్ చెప్పేది మా ఆయనే అయినా, దానికి కావలసిన కార్డులు కోసేది నేను. ఒక్కో కాగితం మీద ఇరవై గళ్లు, గడికో మాట. హవెవర్, దేర్‌ఫోర్, మోర్‌ఓవర్, ఇన్ స్పైట్ ఆఫ్. రెండు వాక్యాలను కలిపే మాటలట. కాగితాన్ని అట్టకి అంటించి, ఆరాక కత్తెరతో గళ్లు విడదీసి, ఆయన చెప్తుంటే వెనకవైపు తెలుగులో అర్థం రాయాలి. అలా నలభై సెట్లు. "అయినప్పటికీ" అని నలభై సార్లు రాసినదానికి ఆ మాట రాదనే మా ఇంట్లో అందరి నమ్మకం. లోకమంతా ఆయన్ని సార్ అంటుంది. నేనూ మనసులో అలాగే అంటాను, గొంతే కాస్త వేరు. "మేడమ్‌గారికి కూడా ఇవన్నీ వచ్చా సార్?" అని ఒకసారి ఒకమ్మాయి అడిగితే, "మేడమ్‌కి కత్తెర వచ్చు" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. టీ గ్లాసులు తీస్తూ నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను ఆసుపత్రిలో బట్టల గదిలో పనిచేస్తాను. ఉతికి వచ్చిన దుప్పట్లు, గౌన్లు మడిచి, చిరిగినవి పక్కన పెట్టి, వార్డుల వారీగా కట్టలు కట్టడం నా పని. పన్నెండేళ్లయింది. పొద్దున ఏడింటికల్లా రిజిస్టర్లో సంతకం పడాలి. నెల క్రితం అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పట్నుంచి ఆరింటికి ఆవిణ్ణి లేపి, ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, తినిపించి నేను గుమ్మం దాటేసరికి ఏడవుతోంది. సరిగ్గా ఆ ఆరింటికే ముందుగదిలో సార్ బ్యాచ్ మొదలవుతుంది. రెండు గదుల మధ్య ఉన్నది ఒక కర్టెనే. "ఒక్క చెయ్యి వెయ్యండి, ఎత్తలేకపోతున్నాను" అంటే, "క్లాసులో ఉన్నాను, కనపడట్లా?" అని కర్టెన్ అవతలి నుంచి జవాబు. పద్దెనిమిది రోజులు ఆలస్యమయ్యాక మెమో చేతికొచ్చింది. మూడు రోజుల్లో ఇంగ్లీషులో సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం తీసేస్తారు.

ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు. "నువ్వు మానేస్తే అమ్మకి నిశ్చింత కదా వదినా" అని మా ఆడపడుచు ఫోన్లో ఎప్పట్నుంచో అంటోంది. "ఇంటిపట్టున ఉంటే నీకేం తక్కువే" అని అత్తగారు. ఏం తక్కువో వాళ్లకి చెప్పలేను. ఆ బట్టల గదిలో నాకో స్టూలుంది. మధ్యాహ్నం దాని మీద కూర్చుని, ఎవరూ పిలవకుండా పావుగంట తింటాను. నన్ను అక్కడ పేరు పెట్టి పిలుస్తారు. అది కూడా పోతే, ఆ కర్టెన్ వెనక, ఆ మంచం పక్కన, ఊపిరాడక చచ్చిపోతానని నిజంగా అనిపించింది. ఇంగ్లీషు సార్‌ని పట్టుకుని రెండు రోజులు బతిమాలాను. మూడో రోజు పొద్దున ఒక కవరు చేతిలో పెట్టాడు.

"చక్కగా రాశాను. కింద సంతకం పెట్టి ఇచ్చెయ్. చదువుతూ కూర్చున్నావంటే రేపటిగ్గానీ అవదు."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎంతైనా నా మనిషి అనుకున్నాను. దారి పొడుగునా ఆయన్ని ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు సిగ్గుపడ్డాను.

మధ్యాహ్నం స్టూలు మీద కూర్చుని, సంతకం పెడదామని కవరు విప్పాను. చుట్టూ దుప్పట్ల కట్టలున్నాయి, కట్టకో కార్డు వేలాడుతోంది. ట్యూషన్ కోసం కోసినప్పుడు వంకర పోయిన కార్డుల్ని ఇక్కడికి తెచ్చి, వార్డు నంబరు రాసి కట్టలకి కట్టడం నా అలవాటు. ఉత్తరంలో ముందు కనపడ్డవీ ఆ మాటలే. మోర్‌ఓవర్. యాజ్ ఎ రిజల్ట్. నేను కోసినవే, నేను అంటించినవే. వాటిని పట్టుకుని నెమ్మదిగా చదవసాగాను. తప్పంతా నాదేనట. అంతే కాకుండా నా ఆరోగ్యం బాగాలేదట. దాని ఫలితంగా పని మీద శ్రద్ధ పెట్టలేకపోతున్నానట. చివర దేర్‌ఫోర్, అందువల్ల, నన్ను రిలీవ్ చెయ్యమని ప్రార్థన. రిలీవ్ అంటే ఏమిటో ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లకి కూడా తెలుసు. రిటైరైనవాళ్ల చేతిలో పెట్టే కాగితం పేరు అది.

ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. ఇస్త్రీ చేసే అక్క పెట్టె పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"ఏమైందే? అలా అయిపోయావేంటి?"

"నా చేత రాజీనామా చేయిస్తున్నాడక్కా."

"ఎవరు, ఆఫీసరా?"

"మా ఆయన."

అక్క గోడ గడియారం చూసింది. "ఆఫీసు గుమస్తా రెండింటికి కిటికీ మూసేస్తాడు. ఇంకా నలభై నిమిషాలుంది" అంది. నేను ఏడుస్తూ కూర్చున్నాను. రాయడం రాదక్కా అన్నాను. ఆవిడ తన పెన్ను నా ఒళ్లో పడేసి, నా వంతు దుప్పట్లు కూడా తన బల్ల మీదికి లాక్కుంది.

కట్టల చుట్టూ తిరిగి ఒక్కో కార్డూ చూసుకుంటూ రాశాను. ఎన్ని తప్పులున్నాయో దేవుడికే తెలియాలి. మా అత్తగారు మంచంలో ఉన్నారని రాశాను. అందువల్ల ఆలస్యమైందని రాశాను. అయినప్పటికీ ఒక్క రోజు కూడా పని మిగల్చలేదని రాశాను. ఆ తర్వాతి వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. ఇవాళ్టి దాకా, పన్నెండేళ్లలో ఆయన గురించి బయట ఒక్క ముక్క చెప్పి ఎరగను. మా ఆయన ఆ సమయంలో ఇంట్లోనే ఉంటాడు, రేపటి నుంచి వాళ్లమ్మను ఆయనే చూసుకుంటాడు, నేను ఏడింటికి వస్తాను అని రాసి సంతకం పెట్టాను. గుమస్తా అది రెండుసార్లు చదివి, "పైకి పంపిస్తా, రేపు తెలుస్తుంది. ఉంచుతారో తీసేస్తారో నేను చెప్పలేనమ్మా" అన్నాడు.

సాయంత్రం "ఇచ్చావా?" అని అడిగాడు సార్.

"ఇచ్చాను."

"ఏమన్నారు?"

"రేపు తెలుస్తుందన్నారు."

చాలా ప్రసన్నంగా, కొత్త కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. నలభై సెట్లు, ఆదివారానికి కావాలట. వాటినీ కత్తెరనీ ఆయన బల్ల మీద పెట్టి, పైన ఆయన రాసిన ఉత్తరం పెట్టాను, సంతకం లేకుండా.

పొద్దున ఆరింటికి ఆ ఉత్తరం ఆయన చేతిలో ఉంది. పిల్లలు పుస్తకాలు తెరిచి ఎదురుచూస్తున్నారు. కర్టెన్ వెనక నుంచి "ఏమే, ఎక్కడున్నావే" అని అత్తగారి పిలుపు. ఆవిడ గొంతు వినగానే నా కాళ్లు అటే కదిలాయి, వాటిని ఆపడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. చెప్పులు వేసుకున్నాను. ఉద్యోగం ఉందో పోయిందో అక్కడికి వెళ్తే గానీ తెలియదు.

"మీ అమ్మగారు పిలుస్తున్నారు" అన్నాను, పిల్లలందరికీ వినపడేలా. "నేను ఏడింటికల్లా ఉంటానని రాసిచ్చాను."