ఏడో పేరా

చాలా బాగా రాశారమ్మా మీ జవాబు, నాకు సగం పని తగ్గించారు అన్నాడు కదా ఇప్పుడు, నవ్వుతూ అన్నాడు, పసుపు రంగు పూసిన కాగితం విసనకర్రలా ఊపుకుంటూ అన్నాడు, అవతలి పక్షం వకీలు మన కాగితాన్ని మెచ్చుకున్నాడంటే మన కొంపలో ఏదో గది అంటుకుందనే, ఏ గదో చూసుకోవాలి, టైమెంత, గోడ గడియారంలో పదీ నలభై, మనది నాలుగో కేసు, అనుకుంటూ వకీలమ్మ కోర్టు వరండాలో బెంచీ మీద కూలబడి ఫైలు తాడు లాగింది, ముడి పడింది, పళ్ళతో లాగబోయింది, పక్కన కూర్చుని ఎవరో బడిపిల్ల గౌను అంచు మడిచి చేత్తో కుట్టుకుంటున్న కుట్టుపిన్ని, ఆగవే తల్లీ, పళ్ళూడతాయి, అంటూ సూది మొనతో ముడి విప్పి ఇచ్చి మళ్ళీ తన అంచులోకి తల దించేసింది, ఈవిడ గదే ఇవాళ ఉండడమో పోవడమో, మెట్ల కింద గది, ఒక కిటికీ, ఒక మిషను, ఇరవై ఎనిమిదేళ్ళు, ఇంటాయన ఖాళీ చేయించమని కోర్టుకెక్కాడు, ఆరు నెలలుగా కొట్టు మూతబడే ఉంది, వాడని గది నాకు తిరిగి ఇప్పించండి అన్నాడు, ఆరు నెలలు వాడకపోతే ఇప్పించొచ్చని చట్టంలోనే ఉంది, మూయలేదని మనం చెప్పాలి, అంతే, ఈ కేసు మొత్తం ఆ ఒక్క ముక్క, దానికి పద్నాలుగు పేరాలు రాశాం, ఒకటి, రెండు, బాగానే ఉంది, ఐదు, ఆరు, ఏడు.

తీవ్రమైన మోకాలి వ్యాధితో బాధపడుతున్న ఈ నిస్సహాయురాలు గడచిన పలు మాసాలుగా తన జీవనాధారమైన వృత్తిని కొనసాగించలేని దయనీయ స్థితిలో ఉన్నప్పటికీ, చాలు, ఇంక చదవక్కర్లేదు, కొనసాగించలేని, పలు మాసాలుగా, ఇంటాయన అరిచి అరిచి చెబుతున్నది మనమే ముద్దుగా ఒప్పేసుకున్నాం, కింద పిన్ని సంతకం, వంకర్లు తిరిగిన అక్షరాలు, ఎంత శ్రద్ధగా పెట్టిందో, అవతలివాడు పసుపు రంగు పూశాడంటే పూయడూ, పండగ చేసుకుంటాడు, ఎవరు రాశారిది, ఎవరు రాస్తారు, మరిదిగారే, ఫోన్లో ఉండే ఆ రాతమనిషికి, అదే ఏఐకి, గుమాస్తా పెట్టిన పేరది, వదిన నోట మాట పడడం ఆలస్యం తప్పకుండా అంటాడండీ, ఇలాంటి మరిది ఎవరికుంటాడండీ అని రోజూ నవ్వుతాడు, తను కూడా నవ్వింది, నవ్వి నవ్వి అలవాటైపోయింది.

కానీ నువ్వేం అడిగావో అది చెప్పు ముందు, ఈ జవాబు రాయించిన ఆ మంగళవారం ఆరు ఫైళ్ళు బల్ల మీద, పిన్ని మోకాలికి గుడ్డ చుట్టుకొచ్చి కూర్చుంది, వాచినప్పుడు రెండ్రోజులు మిషను తొక్కనమ్మా, తలుపు మాత్రం తీసే ఉంచుతా, గుండీలు కుడతా, కాజాలు కుడతా, తలుపు మూస్తే నాకే ఊపిరాడదు అంది, శుభ్రంగా, విడమరిచి, ఈ కేసుకి కావలసిన ముక్క తన నోటితో తనే చెప్పింది, వింటూ వింటూ బొటనవేలితో ఫోన్లో ఏం కొట్టావు, మోకాలి నొప్పి, ఒంటరి మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళు, జడ్జి మనసు కరిగేలా రాయి, అని కదూ కొట్టావు, తలుపు తీసే ఉంటుందన్నది కొట్టావా, లేదు, జాలి అడిగావు, అది జాలి తెచ్చింది, ఎక్కణ్ణించి తేవాలి పాపం, ఆవిడ మోకాలు కోసి తెచ్చింది.

దాన్ని తిట్టి చేతులు దులుపుకుందామంటే అదీ కుదరదు, లాయర్ల క్యాంటీన్లో దాని తరఫున గొంతు చించుకున్నది తనే, పెద్ద ఆఫీసుల్లో పదేసి మంది జూనియర్లుంటారు, వాళ్ళు రాత్రికి రాత్రి నలభై పేజీల ఒప్పందం నమిలేసి తెస్తారు, నా దగ్గరికొచ్చే చాకిరీ మనుషుల తరఫున నమలడానికి ఎవరున్నారు, ఇదొచ్చింది, నిమిషంలో చదివి ఇదిగో ఇక్కడుంది మెలిక అని చూపించింది, మాకూ ఒక జూనియర్ దొరికితే మీకెందుకయ్యా కడుపుమంట, అని టీ గ్లాసు బల్లకేసి కొట్టి మరీ అడిగింది, ఆ మాట ఇప్పటికీ నిజమే, రేపు కూడా అదే అంటుంది, అది నిజమే, ఏడో పేరా కూడా నిజమే, రెండూ ఒకే కడుపులో పడుకోవడం లేదు.

తనకి పని నేర్పిన వకీలు, ఆ పెద్దాయన ఉంటే, ఉంటే ఏముంది, ఈ ఫైలు పక్కకు నెట్టి కుర్చీ లాక్కునేవాడు, ఆయన దగ్గర టైపిస్టుగా చేరి, ఆయన బీరువాలో చివికిపోయిన పుస్తకాలు చదివి, కాలేజీ మొహం చూసే స్తోమత లేక సాయంత్రాల క్లాసులతో ముప్పై నాలుగో ఏట నల్లకోటు వేసుకుంది తను, ఆయన పద్ధతొకటుండేది, సంతకానికి ముందు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, కాగితంలో ప్రతి వాక్యం మామూలు మాటల్లో పైకి చదివి, చుక్క దగ్గర ఆగి మొహంలోకి చూసేవాడు, వాళ్ళు ఇబ్బంది పడేవాళ్ళు, గోళ్ళు గిల్లుకునేవాళ్ళు, ఎక్కడో ఒకచోట మాత్రం కాదండీ, నేనలా అన్లేదండీ అనేవాళ్ళు, ఐదు పేజీలకి గంటన్నర, ఈ పారాయణం ఎందుకండీ, నేను శుభ్రంగానే కొట్టాను కదా అంటే, రాసేది మనం, మోసేది వాళ్ళు, బరువెంతో చూసుకోనీవమ్మా అనేవాడు, ఆయన పోయాక కూడా చదివింది, ఏళ్ళ తరబడి చదివింది, ఎప్పుడు మానేసింది, తారీఖు లేదు, మరిదిగారి రాత అంత నున్నగా ఉంటుంది, ఎక్కడ ఆగాలో తెలియదు, కంటికి ముల్లు తగలదు, గరుగ్గా ఉన్నచోట కదా మనిషి ఆగేది, పైగా గంట మిగిలింది, ఆ మిగిలిన గంటలో పిన్నికి చదివి వినిపించి ఉండొచ్చు, లేదు, ఇంకో మూడు ఫైళ్ళు తీసుకుంది, జనానికి సాయం అనుకుంది, సాయమేలే, ఎవరికన్నది అడక్కు.

గుమాస్తా వంగి చెవిలో, మేడమ్, ఆ పసుపు రంగు చూశాను, టైపు తప్పని చెప్పేద్దాం అంటున్నాడు, పేరాకి పేరా టైపు తప్పా బాబూ, జడ్జిగారికి కళ్ళున్నాయి, పోనీ ఆవిడ చెప్పిందే రాశామందాం, సంతకముందిగా, పెద్దావిడ, కంగార్లో ఏదో చెప్పిందంటే జడ్జిగారు కూడా పట్టించుకోరు, అంటున్నాడు, చెడ్డవాడు కాదు, తన మేలు కోరే అంటున్నాడు, పోయిన నెల ఇదే గదిలో జడ్జి ఒక లాయర్ని గంటసేపు నిలబెట్టాడు, మిషను రాసింది చదవకుండా తెచ్చేవాళ్ళని నేను పై వాళ్ళకి రాస్తాను అన్నాడు, రాశాడు కూడా, ఆ లాయరు మళ్ళీ ఈ మెట్లెక్కలేదు, సాయంత్రాల క్లాసులు, చివికిన పుస్తకాలు, ముప్పై నాలుగో ఏట వేసుకున్న కోటు, అన్నీ ఒక్క వాక్యంతో నిలబడతాయి, ఆవిడ కంగార్లో చెప్పిందండీ అంటే చాలు, కోటు దక్కుతుంది, అప్పుడు అవతలివాడు లేచి అడుగుతాడు, ఈ సంతకం నీదేనా, నాదే బాబూ, అయితే అప్పుడు అబద్ధమాడావా ఇప్పుడు ఆడుతున్నావా, పిన్ని ఏమంటుంది, సూది పట్టుకున్న చేత్తో మొహం తుడుచుకుంటుంది.

పిన్నీ, ఒక ముక్క చదువుతా విను, అంది, ఎందుకందో తనకే తెలియదు, నోరు తనంతట తను తెరుచుకుంది, మామూలు మాటల్లో చదివింది, ఒకావిడకి మోకాలు పూర్తిగా పాడైపోయిందట, కొన్ని నెలలుగా పనే చెయ్యలేకపోతోందట, దిక్కులేనిదట, సూది ఆగలేదు, లోపలికి వెళ్ళి పైకొచ్చింది, పాపం, ఎవరమ్మా ఆవిడ, ఆవిడ గది కూడా పోతోందా, అంది పిన్ని.

నువ్వే పిన్నీ, అన్నాక ఆగింది సూది, నేనా, నేనలా అన్నానా, కోపం లేదు గొంతులో, వెతుక్కుంటోంది, ఎప్పుడన్నానో జ్ఞాపకం తెచ్చుకుంటోంది, కాగితం తప్పు చెప్పదు కదా అన్నట్టు తన్నే తను అనుమానిస్తోంది, ఇంతకంటే తిట్టినా బాగుండేది, కాదమ్మా, తలుపు తీసే ఉంటాగా, నువ్వే వచ్చావుగా మొన్న వానల్లో, ఈ కోటు చేతులు పొట్టి చేయించుకోడానికి, మోకాలికి కాపడం పెట్టుకుంటూనే కుట్టిచ్చానుగా, అంటూ వేలితో వకీలమ్మ మణికట్టు దగ్గర తట్టింది, అవును, వానలు, మూడు నెలలైంది, మెట్ల కింద గదిలో తను నిలబడింది, గుండుసూదులు గుచ్చి కత్తెర పట్టుకుని, ఏదీ చెయ్యెత్తు, పట్టేస్తోందా, ఇంకోసారెత్తు, నువ్వు చెప్పందే నేను కొయ్యను అంది పిన్ని, త్వరగా కానీ పిన్నీ, కోర్టుకి టైమవుతోంది అంది తను, ఆ కోటే తొడుక్కుని, కొట్టు మూతబడిందని రాసిన కాగితం మీద ఆవిడ చేత సంతకం పెట్టించింది.

బంట్రోతు మూడో కేసు అయిందని తలుపు దగ్గర కేకేస్తున్నాడు, గుమాస్తా ఇంకా ఏదో అంటున్నాడు, వినబడడం లేదు, ఒక్కటే వినబడుతోంది, కాదమ్మా, ఎంత చిన్న మాట, దాని కోసమే పెద్దాయన గంటన్నర కూర్చునేవాడు, చదవడం కాగితం కోసం కాదు, కాదు అనడానికి మనిషికి చోటివ్వడం కోసం, మరిదిగారు ఎన్నడూ కాదనడు, ఆ మంగళవారం గదిలో కాదనగలిగిన మనిషి ఒక్కత్తే ఉంది, తను మిగిల్చుకున్న గంట ఆవిడ కాదనాల్సిన గంటే, అదన్నమాట మిగిలింది, అనుకుంటూ లేచింది వకీలమ్మ, చెయ్యెత్తి చూసుకుంది, ఎక్కడా పట్టెయ్యలేదు, ఏడో పేరా మా మనిషి మాట కాదండీ, నేను చదివి వినిపించకుండా సంతకం పెట్టించిన నా మాట, ఆవిడ కొట్టు తెరిచే ఉంది, ఇదిగో సాక్ష్యం, నా ఒంటి మీదుంది, అని లోపల ఒకసారి అనుకుంది, మనసు కరిగించే ముక్క అందులో ఒక్కటీ లేదు, ఉండక్కర్లేదు, పద పిన్నీ, లోపల నేను చెప్పేది విను, తప్పనిపిస్తే అక్కడే కాదు అను.