కార్పెట్ అయ్యాక మాట్లాడుకుందాం

హాల్లో సోఫాకి ఎదురుగా రెండు కారు సీట్లు వచ్చి కూర్చుని నాలుగు వారాలైంది. చుట్టాలైతే ఈపాటికి కనీసం రెండుసార్లు "ఇక బయల్దేరతాం" అని మాటవరసకైనా అనేవాళ్లు. వీటికి ఆ మర్యాద కూడా లేదు. ఇల్లాలు రోజూ వాటి దుమ్ము దులిపి, ఒకదాంట్లో కూర్చుని కూరగాయలు తరుక్కుంటూ, గరాజ్‌లోంచి వచ్చే జిగురు వాసన పీలుస్తూ, భర్త నోటి నుంచి ఒక్క మాట కోసం కాచుకుని ఉంది.

ఆ మాట "సరే".

ఆమె అక్క మూడు గంటల దూరంలో అద్దె ఇంట్లో ఉంటుంది. బావ పోయి రెండేళ్లయింది. ఇల్లు అమ్మేస్తానని ఓనరు చెప్పినప్పటి నుంచి ఆవిడ ఫోన్లో నవ్వడం తగ్గించింది. మన ఇంటి వెనక గది ఖాళీగానే ఉంది కదా, అక్కని తెచ్చుకుందామా అని ఇల్లాలు భర్తని అడిగింది కూడా. అడిగిన చోటే బాగాలేదు. కార్లో అడిగింది.

అది ముప్పై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారు. సీట్లు రెండే. బయట నుంచి చూస్తే బాణంలా ఉంటుంది, లోపల కూర్చుంటే పిండిమరలో కూర్చున్నట్టుంటుంది. ఆ రోజు వంతెన మీద వెళ్తుంటే గొంతు చించుకుని మొత్తం చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, మూడుసార్లు తల ఊపి, వంతెన దిగగానే కారాపి కాఫీ ఇప్పించాడు. ఎంత మంచి మనిషి అనుకుంది. సాయంత్రమే అక్కకి ఫోన్ చేసి "ఆయన సరేనన్నారే" అని చెప్పేసింది. అక్క మర్నాడే ఓనరుతో, వచ్చే నెలాఖరుకి ఖాళీ చేస్తానని చెప్పేసింది. ఆ ఇంటికి కొత్తవాళ్లు కూడా దొరికేశారు.

వారం తర్వాత భర్త "వెనక గదిలో కార్పెట్ చుట్ట పెట్టుకుంటానోయ్, అదెలాగూ మనకి పనికిరాదు కదా" అన్నప్పుడు గానీ ఆమెకి అసలు సంగతి అర్థం కాలేదు. వంతెన మీద ఆయనకి వినపడింది కాఫీ ఒక్కటే.

"అక్క సంగతి ఒకటి మాట్లాడాలండీ," అంది వెంటనే.

డాష్‌బోర్డు కింద నుంచి రెండు కాళ్లు సమాధానం చెప్పాయి. "ఈ కార్పెట్ అయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాం. అసలిదంతా ఎవరి కోసం? కార్లో మాట వినపడి చావట్లేదని నువ్వే కదా అన్నది."

అవును, అన్నది. నోరు మంచిది కాదు.

కార్పెట్ అవడమంటే మాటలా. ముందు సీట్లు విప్పి హాల్లో పెట్టి, పాతది ఊడబీకాడు. దాని కింద తడిసి ముద్దైన పీచు, పీచు కింద తుప్పు. తుప్పు గీకడానికి ఒక వారం, రంగు వేసి ఆరబెట్టడానికి ఇంకో వారం. తర్వాత చప్పుడు ఆపే అట్టలు వచ్చాయి. ఒకవైపు వెండి కాగితం, రెండోవైపు తారులాంటి జిగురు. వేడి చేస్తే మెత్తబడతాయట. వేడి చేసింది ఆమె జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో. ఇప్పుడది ఆన్ చేస్తే తారు రోడ్డు వేస్తున్నట్టుంటుంది.

రోజుకోసారి ఆమె గరాజ్ గుమ్మంలో నిలబడేది. "అక్క..." అనేది. "ఆ డబ్బా ఇటందుకో," అనేవాడు ఆయన. అందించేది. తిరిగొచ్చేది. రాత్రి అక్క ఫోన్ చేసి "సామాను సర్దనా?" అని అడిగితే "ఆఁ, మెల్లగా సర్దు," అనేది. అక్క ఎప్పుడూ ఏదీ మెల్లగా చేయదు.

మూడో వారంలో కొత్త కార్పెట్ కత్తిరించాల్సి వచ్చింది. పాత ముక్కల్ని కొలతకి పెట్టుకుని, కొత్తదాన్ని బోర్లా పరిచి, వెనకవైపు సుద్దముక్కతో గీస్తున్నాడు. పాత ముక్క మాత్రం వెల్లకిలా ఉంది. ఇరవై ఏళ్లుగా బట్టలు కుట్టిన ఆమెకి చూడగానే తెలిసిపోయింది.

"అది తిరగేసి పెట్టండి. ఇలా గీస్తే కుడిది ఎడమదవుతుంది."

"ఇది జాకెట్టు కాదోయ్, కారు."

"గుడ్డ గుడ్డే కదండీ."

"నువ్వలా ఉండు కాసేపు."

ఆమె అలా ఉంది. ఆయన కత్తిరించాడు. ఆ ముక్క తన కాళ్ల దగ్గర పరిస్తే క్లచ్ దగ్గర ఉండాల్సిన కన్నం తలుపు దగ్గరికి వచ్చింది. కాసేపు ఆ కన్నంలోకి, ఆమె మొహంలోకి మార్చి మార్చి చూశాడు. ఆమె మొహంలో ఏమీ లేదు. దాని కోసం ఆమె చాలా కష్టపడింది. మళ్లీ కొత్త కార్పెట్ తెప్పించడానికి ఇంకో వారం పట్టింది. అలా అక్క ఇల్లు ఖాళీ చేయడానికి ఆరు రోజులు మిగిలాయి.

శుక్రవారం పని పూర్తయింది, సీట్లు మళ్లీ కార్లోకి చేరాయి. ఆ సాయంత్రం గిన్నెలు సర్దుతుంటే ఆరు చెంచాల్లో ఒకటి తక్కువొచ్చింది. మూలల్లో కార్పెట్ అంచులు దూర్చడానికి ఆయన తీసుకెళ్లిన చెంచా.

"నా చెంచా ఏదండీ?"

"అక్కడే ఎక్కడో ఉంటుంది. నేను తింటానా ఏంటి చెంచాని?"

ఆమె గరాజ్‌లో వెతికింది. బెంచీ మీద లేదు, డబ్బాల్లో లేదు. చివరికి కారు తలుపు తీసి, తను కూర్చునే వైపు కాళ్ల పక్కనున్న అట్టని వేలితో తట్టింది. లోపల ఏదో ఖంగుమంది. నొక్కి పట్టింది. అది నోరు మూసుకుంది. వదిలింది. మళ్లీ ఖంగుమంది. భర్తతో చెబుదామని గుమ్మం దాకా వచ్చి, ఎందుకో ఆగిపోయి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అక్కని చూసొద్దామని ఆదివారం ఇద్దరూ ఆవిడ ఇంటికి బయల్దేరారు. కార్లో నిజంగానే నిశ్శబ్దం. దిండులో కూర్చున్నట్టుంది. భర్త రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, తనే ఆ నిశ్శబ్దాన్ని కన్నట్టు చూస్తున్నాడు.

"అక్క సంగతండీ," అంది ఆమె మామూలు గొంతుతో.

"ష్."

"ఏమైంది?"

"ఏదో చప్పుడు. టకటకమంటోంది. విన్నావా?"

అప్పటికి ఆమె ఓపిక అడుగంటింది. నాలుగు వారాలు పిండిమరని పట్టు పరుపు చేస్తే, ఆ పరుపులో కూర్చుని ఈయన వినేది చెంచానట. ఆమె కాలు చాపి అట్టని మడమతో నొక్కింది. చప్పుడు ఆగింది.

"ఆగింది," అన్నాడు అనుమానంగా.

"ఆగింది కదా. ఇప్పుడు వినండి. నెలాఖరుకి అక్క ఇల్లు ఖాళీ చేస్తోంది. మన వెనక గదిలోకి వస్తోంది."

"ఎవరన్నారు?"

"మీరే. వంతెన మీద. మూడుసార్లు తల ఊపారు."

"కాఫీ తాగుదామా అన్నావనుకున్నా. అందుకే ఆపాను కదా."

"కాఫీ కోసం అంతసేపు మాట్లాడతానా?"

ఆయన కొంచెం ఆలోచించి, మాట్లాడుతుందనే తేల్చుకున్నట్టున్నాడు. "అయినా నన్ను అడక్కుండా వదినకి ఎలా చెప్తావ్? ఆ గదిలో కార్పెట్..." అంటూ మాట మళ్లించబోయాడు. ఆమె మడమ తీసింది.

టక టక టక.

"ఇదుగో మళ్లీ," అన్నాడు మొహం వేలాడేసి.

ఆమె నొక్కింది. "అక్క ఓనరుకి మాట ఇచ్చేసింది. సామాను డబ్బాల్లో సర్దేసింది. ఇప్పుడు వెళ్లి, మా ఆయనకి వినపడలేదే అక్కా, నువ్వు రోడ్డు మీద ఉండు అని చెప్పనా? మీరే చెప్పండి. మాట వినపడుతోందిగా ఇప్పుడు."

చాలాసేపు టైర్ల చప్పుడు కూడా రాలేదు. పని అంత బాగా చేశాడు మరి.

"ఆవిడ నన్ను మెకానిక్ గారూ అని ఎగతాళి చేస్తుంది," అన్నాడు చివరికి.

"చేస్తుంది."

"పొద్దున్నే రేడియో పెడుతుంది."

"పెడుతుంది."

"అట్టలు ఓ పెట్టె మిగిలాయి. ఆ గది గోడకి వేసేస్తాలే. వారం పట్టదు."

"సరే అని నోటితో అనండి."

"సరే అన్నానుగా."

"అనలేదు."

"సరే. రమ్మను."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఏడుస్తోందేమో అనుకుని ఆయన పలకరించలేదు. నిజానికి కాలు తిమ్మిరెక్కింది.

"చూశావా," అన్నాడు అక్క ఊరు రాగానే, చెవులు రిక్కించి. "చప్పుడు దానంతటదే పోయింది. అట్టలు సర్దుకుని ఉంటాయి."

"అదే అయుంటుందండీ," అంది ఆమె, మడమ కదపకుండా. అక్క వీధి ఇంకా రెండు మలుపుల దూరంలో ఉంది. తిరిగొచ్చేటప్పుడు మూడు గంటల ప్రయాణం. హాల్లోకి కొత్త కర్టెన్ల సంగతి కూడా చాన్నాళ్లుగా తేలట్లేదు.