మెడికల్ పాసైన మనిషి

ఇస్త్రీ చేసిన చొక్కాలన్నీ అడుగున పరిచి, బనియన్లూ తువ్వాళ్ళూ పక్కల్లో కూరి, అక్క సంచీ జిప్పు లాగబోయి ఆగిపోయింది. ఏదో మరిచిపోయినట్టు అనిపించింది. మరిచిందేమీ లేదని ఆమెకే తెలుసు. తెల్లారినప్పటి నుంచి సర్దిందే మళ్ళీ సర్దుతోంది. తమ్ముణ్ణి పరాయి దేశం పంపే ఏజెంటు కారు వచ్చేలోపు, ఇస్త్రీకిచ్చిన ఇళ్ళవాళ్ళ బట్టలు కూడా ఇచ్చెయ్యాలి. బల్లమీద ఇస్త్రీపెట్టె వేడెక్కి కూర్చుంది. ఆమె చెయ్యి మాత్రం సంచీ వదలడం లేదు.

తమ్ముడు ఆరేళ్ళు పరాయి దేశంలో ఎత్తైన మేడలకు ఇనప పరంజాలు కట్టాడు. ఎండలో ఒక షిఫ్టు, దీపాల వెలుతురులో ఇంకో షిఫ్టు. రెండోదానికి కళ్ళు మూతలు పడకుండా మేస్త్రీయే తెల్లమాత్రలు పంచేవాడు. మొదట మేస్త్రీ ఇస్తే మింగారు, తర్వాత వీళ్ళే అడిగి మింగారు, ఆ తర్వాత కొనుక్కుని మింగారు. ఒకనాడు పక్కన పనిచేస్తున్నవాడు నిలబడే కునుకు తీసి కిందికి జారిపోయాడు. బెల్టు కొక్కెం తగిలించుకోవడం మరిచాడట. ఆనాటి నుంచి తమ్ముడు నేలమీద పడుకున్నా సరే, నడుముకి తాడు కట్టి, దాని కొస దేనికో ఒకదానికి ముడేస్తే తప్ప కన్ను మూసేవాడు కాదు. కంపెనీవాళ్ళు ఇక పనికి రాడని తేల్చి విమానం ఎక్కించారు.

ఇంటికొచ్చాక ఆ కొస కిటికీ ఊచకు చేరింది. మాత్రలు దొరక్కపోతే గోడకు తల బాదుకునేవాడు, దొరికితే తెల్లవార్లూ వీధిలో తిరిగేవాడు. పిల్లలు 'తాడు మామ' అని పేరు పెట్టేశారు. సొంత మేనకోడలే ఆ మామ పక్కన కూర్చోవడానికి జంకేది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ మందులు రాసి, ఇది పిచ్చీ కాదు, పొగరూ కాదు, జబ్బు, మందు మానొద్దు అని చెప్పింది. అక్క రెండు పూటలా తన చేత్తో మింగించింది. మింగాక నోరు తెరిచి చూపించమనేది, చిన్నపిల్లాడిలా చూపించేవాడు. కొన్ని నెలలు పోయాక ఒక పొద్దున చూస్తే తాడు చుట్టచుట్టి మూలన పడి ఉంది, వాడు బోర్లా పడుకుని గురక పెడుతున్నాడు. ఆ గురక వింటూ అక్క పని మానేసి కూర్చుండిపోయింది.

మనిషి తేరుకున్నాడని తెలియగానే ఏజెంటు దిగాడు. బావకు పాత స్నేహితుడు. కొత్త కంపెనీ, పాత పనే అన్నాడు. వెళ్ళేముందు చేసే మెడికల్ పరీక్షలో ఒంట్లో ఆ మందు కనపడితే వెనక్కి కొడతారు, కాబట్టి ఆపెయ్యాలన్నాడు. బావ సరేనన్నాడు. అక్క కూడా సరేనంది. ఆ పరీక్షలో రక్తం తీశారు, ఛాతీకి ఫొటో తీశారు, కళ్ళలోకి లైటు వేసి చూశారు. నిద్ర పడుతోందా అని ఎవరూ అడగలేదు. పాసయ్యాడు. పాసయ్యాడంటే జబ్బు పోయినట్టే అనుకున్నారు ఇంటిల్లిపాదీ. డాక్టరమ్మ మాటకంటే ఆ కాగితం మీది ముద్ర గట్టిదైపోయింది.

స్నానం చేసి వచ్చిన తమ్ముడు ప్రయాణపు చొక్కా కోసం చెయ్యి చాపాడు. బనియను పైకి లేచింది. నడుము చుట్టూ ఎర్రగా ఒరుసుకుపోయిన గీత కనపడింది.

"మళ్ళీ కట్టుకుంటున్నావా?"

"నువ్వు లేవకముందే విప్పేస్తున్నా కదక్కా."

"ఎప్పట్నించి?"

"మందులు ఆపిన వారం నించి." గుండీలు పెట్టుకుంటూ, "బావకి చెప్పకు" అన్నాడు.

చెప్పింది. బావ వీధిలో తన వ్యాను అద్దం తుడుస్తున్నాడు. చెడ్డవాడేం కాదు. ఉన్న ఒక్క గదిలో అందరూ పడుకోవాలి, రాత్రంతా ఎవరో ఒకరు మేలుకునే ఉంటున్నారు, పొద్దున్నే అతను బండి తోలాలి. పెద్దపెద్ద డాక్టర్లు పాస్ చేశాక ఇంకా నీ అనుమానాలేంటని విసుక్కున్నాడు. ఆ తర్వాత మాత్రం తుడిచిన చోటే చాలాసేపు తుడుస్తూ ఉండిపోయాడు.

కారు వచ్చింది. ఏజెంటు దిగి, గడపదాకా వచ్చి నవ్వాడు.

"ఏం చెల్లెమ్మా, తమ్ముణ్ణి పంపుతున్నావా, మడతపెట్టి బీరువాలో దాచుకుంటావా?"

అక్క గడపలో నిలబడి రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించింది. మడత సరిగా రాలేదని మొహాన విసిరిన బట్టలు కూడా ఏనాడూ పల్లెత్తు మాట అనకుండా మళ్ళీ ఇస్త్రీ చేసి ఇచ్చిన మనిషి ఆమె.

"వాడు రాడన్నయ్యా. నేను పంపను."

"మెడికల్ పాసయ్యాడు కదమ్మా?"

"పాసైంది మీకు. నాకు కాలేదు."

ఏజెంటు మొహంలో నవ్వు పోయింది. టికెట్టు వచ్చాక ఈ ఆటలేంటన్నాడు, ఇప్పుడు కాదంటే మళ్ళీ తన గుమ్మం తొక్కొద్దన్నాడు. బావ తల దించుకున్నాడు. అక్క లోపలికెళ్ళి మిగిలిన మందుల్లోంచి ఒక మాత్రా, గ్లాసుతో నీళ్ళూ తెచ్చి అందరి ముందూ తమ్ముడికిచ్చింది. వాడు మింగి, అలవాటుగా నోరు తెరిచి చూపించాడు. ఏజెంటు చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"ఇవాళ నువ్వేశావు. రేపు అక్కడ ఎవరేస్తారక్కా?" అన్నాడు తమ్ముడు మెల్లిగా.

"అందుకే కదరా ఉండమంటున్నా."

"ఉండి ఏం చెయ్యను? ఇక్కడ నేనొక్కణ్ణే తాడు మామని. అక్కడ అందరి నడుముకీ తాడుంటుంది."

అక్క మళ్ళీ గడపకు అడ్డంగా నిలబడి, ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుంది. తమ్ముడే ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి, ఆ చేతిని ఆమె పక్కన జారవిడిచి, సంచీ భుజానికెత్తుకుని దాటి వెళ్ళాడు. కారు వీధి మలుపు తిరిగింది.

మర్నాడు అక్క ఒంటరిగా పెద్దాసుపత్రికి వెళ్ళి, మందులు పరాయి దేశానికి పంపే దారేమైనా ఉందా అని అడిగింది. అసలు ఎందుకు ఆపారని అడిగింది డాక్టరమ్మ.

"పాసవ్వాలని" అంది అక్క.

తమ్ముడు తిరిగి రాలేదు. వెళ్ళిన మూడో నెలలో, ఒక మంగళవారం, రెండో షిఫ్టులో పరంజా మీంచి జారి చనిపోయాడు.