తడిపిన బ్రష్షు

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటారు కదా. చేతులు కాలకముందే ఆ ఆకులు ఎక్కడున్నాయో, ఎవరు కోసుకురావాలో రాసిపెట్టడం మా ఆఫీసు పని. ఒక్కో ఓడకు ఒక్కో లావుపాటి ఫైలు. నిప్పంటుకుంటే ఎవరికి ఫోన్ చేయాలి, మేట వేసిన చోట ఇరుక్కుంటే లాగడానికి దగ్గర్లో ఏ టగ్గు పడవ ఉంది, అన్నీ అందులో ఉంటాయి. ఓడ రేవు వదిలే ప్రతిసారీ, తూకం కోసం నీళ్లు నింపే ట్యాంకుల్లో దేంట్లో ఎంత నీరుందో చీఫ్ ఆఫీసరు టేపు దించి కొలిచి మాకు పట్టిక పంపాలి. ఆ పట్టిక అడుగున 'చూశాను' అని ఒక గడి. ఇరవై రెండేళ్లుగా అందులో సంతకం నాది.

రెండు రోజుల కిందట ఇసుకమేట ఎక్కి కూర్చున్న ఓడకు చీఫ్ ఆఫీసరు మా తమ్ముడు.

ఈ సంగతి మేనేజరుకు తెలుసు. వాణ్ణి ఆ ఓడల కంపెనీలో చేర్పించమని ఆరేళ్ల కిందట నేను అడిగింది ఆయన్నే. "మీకు ఇబ్బందైతే ఇంకొకరిని కూర్చోబెడతాను" అన్నాడు పొద్దున. ఇంకొకరంటే ఎవరట? ఓడ నిలుస్తుందో ఒరుగుతుందో తేల్చే లెక్కలు కట్టేది ఆఫీసు మొత్తానికి నేనొక్కదాన్నే. "ఇబ్బందేం లేదు" అన్నాను.

సాయంత్రం అయిదుంబావు. ఆరుంబావుకు పోటు నిండుతుంది. అప్పుడు రెండు టగ్గులూ కలిసి ఓడను వెనక్కి లాగుతాయి. సముద్రం ఆ రోజే శాంతించింది, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ గాలి లేస్తుందని కబురు. పెద్ద టగ్గు మీద ఆ లాగుడు పని చేయించే పెద్దాయన ఉన్నాడు. ఇలా ఇరుక్కున్న ఓడల్ని బయటికి లాగడంలోనే జుట్టు నెరిసినవాడు. మేమంతా ఆయన్ని తాతయ్య అంటాం. బల్ల మధ్యలో స్పీకరు, దాని పక్కన ఎర్రదీపం. అందులో మాట్లాడే ప్రతి ముక్కా రికార్డవుతుంది. ఓడకు ఉన్నది ఆ ఒక్క లైనే.

తాజా కొలతలు పంపమని అడిగితే అప్పుడే వచ్చాయి. పన్నెండు ట్యాంకులు. అడుగున చిల్లుపడ్డ ఒకటి తప్ప మిగతావన్నీ ఖాళీ. ఖాళీ అంటే పూర్తిగా పొడి కాదు, అడుగున కాసిని నీళ్లుంటాయి. రెండు సెంటీమీటర్లు, రెండు, మూడు, రెండు, రెండు, మూడు.

ఈ వరస నాకు కంఠతా వచ్చు. ఓడ రేవు వదిలినప్పుడు ఇవే అంకెలు. అంతకుముందు ట్రిప్పులో ఇవే. దాని ముందు ట్రిప్పులోనూ ఇవే. సరే, అప్పుడంటే ఓడ నీళ్ల మీద తిన్నగా ఉంది. ఇప్పుడు ముక్కు పైకెత్తి ఇసుక మీద కూర్చుంది. అడుగునీళ్లన్నీ వెనక్కి జారి ఉండాలి. ఒక్క అంకె కూడా కదల్లేదు.

మా తమ్ముడు చిన్నప్పుడు పళ్లు తోముకునేవాడు కాదు. బ్రష్షు కుళాయి కింద పెట్టి, తడిపి, డబ్బాలో పడేసి వచ్చేవాడు. అమ్మ వచ్చి బ్రష్షు ముట్టుకు చూసేది. తడిగా ఉండేది. అయినా అనుమానం తీరక నా వైపు చూసేది. "తోమాడమ్మా, నేను చూశాను" అనేదాన్ని. వాడికి దెబ్బలు తప్పేవి, నాకు వాడి వాటా బిస్కెట్లలో ఒకటి దక్కేది. తొమ్మిదేళ్లకే వాడికి మూడు పళ్లు పుచ్చిపోయాయి.

కిందటి ట్రిప్పులో అవే అంకెలు మళ్లీ వచ్చినప్పుడే నాకు ఆ బ్రష్షు గుర్తొచ్చింది. నవ్వుకున్నాను కూడా. నవ్వుకుని సంతకం పెట్టాను.

"అమ్మాయ్" అన్నాడు స్పీకర్లో తాతయ్య. "తాళ్లు బిగించాం. లెక్క తేల్చి చెప్పు. లాగమంటావా?"

ఓడ నిటారుగా ఉందని అందరూ సంబరపడుతున్నారు. నిటారుగా నిలబెట్టింది ఓడ బలం కాదు, కింద ఇసుక. ఇసుక వదిలిందంటే దాని అసలు బరువు ఎటుంటే అటు ఒరుగుతుంది. లోపల తడి ఖనిజపు పొడి. ఓడ ఒకసారి ఒరిగితే సరుకూ అటే జారుతుంది. ఇక తిరిగి లేవదు. ఓడలో ఇరవై ఒక్క మంది. నాకు తెలియాల్సింది ఒకటే, ఏ ట్యాంకు అబద్ధం చెబుతోందని. అన్నీ తెరిచి చూసే టైము లేదు. అది తెలిసింది వాడొక్కడికే.

"చీఫ్ ఆఫీసర్, మీరు పంపిన కొలతలు ఇవాళ్టివేనా?"

"ఇవాళ్టివే మేడమ్. నేనే దగ్గరుండి తీయించాను."

లైన్లో వాడెప్పుడూ మేడమ్ అనే అంటాడు. ఆ గొంతు మాత్రం అమ్మ ముందు నిలబడినప్పటి గొంతు. మేనేజరు గడియారం చూసి, "సరిపోయింది కదండీ, కానివ్వండి" అన్నాడు.

"ఒరేయ్" అన్నాను స్పీకర్లోకి. మేనేజరు ఉలిక్కిపడ్డాడు. "బ్రష్షు తడిపావా, పళ్లు తోమావా?"

"ఏం బ్రష్షమ్మా?" అన్నాడు తాతయ్య.

"అక్కా..."

"ఇరవై ఒక్క మందిరా. అందులో నువ్వూ ఉన్నావు. చెప్పు."

ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నిజం చెబితే వాడి ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

"తడిపానక్కా" అన్నాడు. "కుడివైపు పైన, నాలుగో ట్యాంకు. కొలిచే గొట్టం వంకరపోయింది, టేపు దిగట్లేదు. మూడు నెలలైంది. రాస్తే ఓడను రేవులో ఆపేస్తారని రాయలేదు. అదొక్కటీ దాచబోయి మిగతావీ పాతవే రాసుకొచ్చాను."

"దాని మూత డెక్కు మీదే కదా? విప్పించు. పరిగెత్తు."

ఇరవై నాలుగు నట్లు, అన్నీ తుప్పు. ఒక్కో నట్టూ ఊడుతుంటే స్పీకర్లో సుత్తి దెబ్బ వినపడేది. ఆరయింది. ఆరు దాటి అయిదు నిమిషాలైంది. "ఒక్క ట్యాంకేగా, లాగేద్దాం. పోటు మనకోసం ఆగుతుందా?" అన్నాడు మేనేజరు. "ఆగదు. మీరాగండి!" అని అరిచాను. ఆఫీసులో నేను అరవడం అదే మొదలు.

ఆరూ తొమ్మిదికి వాడు లైన్లోకి వచ్చాడు, రొప్పుతూ. "అక్కా, నిండా ఉంది. చెయ్యి పెడితే తగులుతోంది. గాలిగొట్టం మూత పగిలిపోయింది. రెండు రోజులుగా పడ్డ అలలన్నీ ఇందులోకే పోయాయి."

నాలుగు వందల టన్నులు. అంత పైన, అంతా ఒకే పక్క. ఆ అంకె వేసి చూశాను. కంప్యూటర్ తెరమీద ఓడ బొమ్మ కుడివైపు ఒరిగింది, ఒరిగి ఆగలేదు.

"లాగొద్దు తాతయ్యా" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"తాళ్లు సడలించండి!" అని ఆయన కేక వినపడింది. "తెల్లారి పోటుకు చూద్దాం. ఈలోపు ఆ ట్యాంకు నీళ్లు బయటికి వదిలేయండి. అది సరేగానీ, అమ్మాయ్, నీకెలా తెలిసింది?"

లెక్కలో తేడా కనపడింది అంటే సరిపోయేది. అందరూ నమ్మేవాళ్లు. మేనేజరైతే అప్పుడే మెచ్చుకోలుగా తలూపుతున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. అప్పుడు అవతలినుంచి వాడే అడిగాడు, చాలా మెల్లగా.

"నీకు ముందే తెలుసా అక్కా?"

ఎర్రదీపం వెలుగుతుండగానే వాడు నిజం ఒప్పుకున్నాడు. నేనెందుకు పక్కకు తప్పుకోవాలి?

"తెలుసు" అన్నాను. "మూడు ట్రిప్పులుగా అవే అంకెలు. నేను చూశాను. చూసి కూడా సంతకం పెట్టాను."

మేనేజరు తల ఊపడం ఆపేశాడు.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకు మళ్లీ పోటు. దానికి ముందు వాడు ఒక్కో ట్యాంకు దగ్గరికీ నడిచి, టేపు దించి, తీసి, లైన్లో చెప్పాడు. ఒక్కోదానికి నాలుగైదు నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. "ఏడున్నర. పదకొండు. తొమ్మిది... ఉండక్కా, మళ్లీ చూస్తాను. తొమ్మిదిన్నర." ఒక్క అంకె ఇంకోదానితో కలవలేదు. అన్నీ రాసుకుని, లెక్క కట్టి, లాగొచ్చని చెప్పాను. ఓడ ఇసుక మీంచి దిగి, కాస్త ఊగి, నిటారుగా నిలబడింది.

పట్టిక పూర్తిచేసి 'చూశాను' గడి దాకా వచ్చాను. చెయ్యి అలవాటుగా అటే పోయింది. దాన్ని ఆపి, పెన్ను మేనేజరు ముందు పెట్టాను.