మూగపిడుగు ఫుల్‌సెట్టు

పాత పేపర్ల కొట్టాయన అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తుండదు. వీధిలో అందరికీ అతను తూకం. అచ్చయిన ప్రతిదాన్నీ కాటా మీద పెట్టి చూసే మనిషి. పెళ్ళికార్డు చేతికిచ్చినా ముందు దాని మందం చూసి, ఆ తర్వాత పెళ్ళెవరిదో చూస్తాడు. చదువు రాక కాదు, చదివితే బరువు పెరగదని.

అలాంటివాడి నెత్తిన మూగపిడుగు వచ్చి పడ్డాడు.

మూగపిడుగు బొమ్మల కథల వీరుడు. పేరుమోసిన వీరుల పక్కన వీడికి పీట వేసినవాడు లేడు. మాట రాదు, ఎగరడం అసలే రాదు. పిడుగుతోపాటే నేల మీదికి దిగుతాడు, అది ఎక్కడ పడితే అక్కడినుంచి దుర్మార్గుడి ఇంటిదాకా నడిచి వెళ్ళాలి. అచ్చువేసేవాడు చేతులెత్తేయడంతో కొన్ని సంచికలకే కథ ఆగిపోయింది. ఓ రోజు కారులో దిగిన పెద్దమనిషి ఒకాయన కొట్టులోని గుట్ట తిరగేసి, అట్ట నలిగిన మూగపిడుగు పుస్తకం ఒకటి ఏరుకుని, బేరం ఊసెత్తకుండా తూకం నెలంతా తూచినా రానంత డబ్బూ, తన ఫోను నంబరూ చేతిలో పెట్టి పోయాడు. ఆనాటి నుంచి తూకానికి అన్నం సయించలేదు.

తూకం అక్కమొగుడు బోర్డులు రాసే పెయింటరు. చిన్నప్పటినుంచీ మూగపిడుగంటే ప్రాణం. ఆదివారాలు ఆయన ఇంటి ముందుగదిలో అదే పిచ్చి ఉన్నవాళ్ళు చేరేవాళ్ళు. ఒక బస్సు కండక్టరు, ఒక పళ్ళ డాక్టరు, ఒక టైలరు, ఇంకా కొందరు. పుస్తకాలు మార్చుకునేవాళ్ళు, కథ మీద గొంతులు చించుకునేవాళ్ళు. అన్నేళ్ళూ అటు తొంగిచూడని తూకం ఇప్పుడు అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాడు. కథలు అతనికి అక్కర్లేదు. ఏది మొదటి అచ్చు, ఏ సంచిక దొరకడం కష్టం, అంతవరకే చెవిన పడేది. మొదటి అచ్చులో వీరుడి కండువా ఎర్రగా ఉంటుందని, తర్వాత రంగు ఖర్చు తగ్గించడానికి నల్లగా వేశారని బావ చెప్పాడు. బావమరిదికి ఇన్నాళ్ళకు రుచి పుట్టిందని పాపం మురిసిపోయాడు కూడా.

ఇద్దరం కలిసి ఫుల్‌సెట్టు చేద్దాం, అమ్మి చెరిసగం పంచుకుందాం అన్నాడు తూకం. బావకి మోకాళ్ళు అరిగిపోయాయి. నిచ్చెన ఎక్కిన ప్రతిసారీ కింద అక్క గుండె చిక్కబట్టుకుని నిలబడుతుంది. ఆ డబ్బుతో చిన్న షెడ్డు వేసుకుంటే బోర్డులు నేల మీదే కూర్చుని రాసుకోవచ్చు. బావ తన పుస్తకాలన్నీ ఇచ్చేశాడు. స్నేహితుల దగ్గరవీ తెచ్చాడు. అమ్మేది ఒక్క సెట్టే, తక్కినవి చెదలు పట్టకుండా మా బావమరిది కవర్లలో పెట్టి దాస్తాడు, చదవాలనిపిస్తే ఎప్పుడైనా వచ్చి తీసుకోండి, పూచీ నాది అన్నాడు. ఆయన మాట మీద అందరూ ఇచ్చారు.

తూకం చదివిన శాస్త్రం ఒక్కటే. మంచి సరుకు పక్కకి, మిగతాది కట్టలోకి. ప్రతి సంచికలోనూ మెరుగైన ప్రతి ఒకటి ఏరి బీరువాలో పెట్టాడు. తక్కినవి పాత పరీక్ష పేపర్ల మధ్య దూర్చి, తాడు బిగించి, కాగితం మిల్లు లారీ ఎక్కించాడు. పది ఉంటే చిత్తు, ఒక్కటుంటే బంగారం అని అతని లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టమంటే ఆడిటరు కూడా తడబడతాడు. అక్కడితో ఆగలేదు. మూతపడిన లైబ్రరీల నుంచి, తోటి పాతపేపర్ల కొట్లనుంచి దొరికినవన్నీ కొని అదే లారీ ఎక్కించాడు. లారీ కదిలినప్పుడల్లా బీరువాలో ధర పెరుగుతున్నట్టే అనిపించేది.

ఆదివారం ఎవరైనా తమ పుస్తకం అడిగితే తాళంచెవి ఇంట్లో మర్చిపోయాననేవాడు, కవరు విప్పితే గాలి తగులుతుందనేవాడు. అడిగి అడిగి వాళ్ళు మానేశారు. చేతిలో పుస్తకం లేకపోతే మాట ఎంతసేపు సాగుతుంది? పళ్ళ డాక్టరు చేపల తొట్టెల మోజులో పడ్డాడు. కండక్టరు ఆదివారం కూడా డ్యూటీ వేయించుకున్నాడు. ముందుగదిలో బావ ఒక్కడే కుర్చీలు సర్దుకుని కొన్నాళ్ళు కూర్చుని, తర్వాత కుర్చీలు కూడా లోపల పెట్టేశాడు.

సెట్టు పూర్తయ్యాక తూకం కారాయనకి కబురు పెట్టాడు. ఆయన వచ్చిన రోజు బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి బెంచీ మీద ఓ పక్కన కూర్చున్నాడు. కారాయన ఒక్కొక్కటీ చూసి, ఇంత శుభ్రమైన ప్రతులు ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు. ఇంకా ఎవరి దగ్గరున్నాయని అడిగాడు. తూకం ఆ ప్రశ్న కోసమే కాచుకున్నాడు.

"ఎవరి దగ్గరా లేవండి. దొరికినవన్నీ నేనే మిల్లుకి పంపేశాను. మీరు కొంటే మీ ఒక్కరికే ఉంటాయి."

కారాయన చెయ్యి కవరు మీద ఆగిపోయింది.

"నేను దాచుకునేవాణ్ణి కాదు, అమ్ముకునేవాణ్ణి. ఇక్కడ దీనికోసం కొట్టుకు చచ్చేవాళ్ళు కొందరున్నారని వినే ఆ రోజు వచ్చాను. వాళ్ళు ఇంకా పెరుగుతారనుకున్నా. చదివేవాడే లేనిదాన్ని నేనెవరికి అమ్మను?"

మర్యాదగా మంచినీళ్ళు తాగి, పుస్తకాలు ఉన్నవి ఉన్నట్టే పెట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు. కూర్చున్న కొమ్మ నరుక్కోవడమంటే ఏమిటో తూకానికి అప్పటికీ ఎక్కలేదు. ఈయన కాకపోతే ఇంకో పార్టీ అన్నాడు. బావ మాత్రం లేవలేదు.

"టైలరుది కూడానా?"

టైలరు పుస్తకం వాళ్ళ నాన్న కొనిపెట్టింది. ఆ నాన్న ఇప్పుడు లేడు.

"దాని మూల మడతపడింది బావా."

"నా మాట మీద ఇచ్చార్రా వాళ్ళు."

తూకానికి అప్పుడు భయం వేసింది. సగం కాదు, మొత్తం నువ్వే తీసుకో బావా అని కవర్లు ఆయన ఒళ్ళోకి తోశాడు. బావ వాటిని తీసి బెంచీ మీద పెట్టాడు. నేనొక్కణ్ణే చదివి ఎవరితో పోట్లాడేది అని మాత్రం అని, మోకాలు పట్టుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తమ్ముణ్ణి మా గుమ్మం తొక్కొద్దని చెప్పమని అక్క ఇరుగింటావిడతో కబురంపింది.

తూకం ఇంకో పార్టీ కోసం తిరగని చోటు లేదు. మూగపిడుగా, వాడెవడు అన్నారు అంతా. చివరికి కొట్టులో ఏమీ తోచక ఓ మధ్యాహ్నం ఆఖరి సంచిక కవరు చించాడు. కాగితం తూచే చేతులతో మొదటిసారి పేజీలు తిప్పాడు. చదువుతూ చదువుతూ బేరానికి వచ్చినవాణ్ణి కూడా పట్టించుకోలేదు. ఆఖరి బొమ్మలో వర్షంలో వీరుడి కోసం ఒక ముసలావిడ దీపం పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వెనక ఏ సంచికలోనో వచ్చి ఉంటుందని మిగతా కవర్లన్నీ చించి చదివినా ఎక్కడా కనబడలేదు. ఆవిడెవరో తూకానికి తెలియలేదు. తెలుసుకోకుండా ఉండలేకపోయాడు.

పుస్తకం పట్టుకుని బావని వెతుక్కుంటూ వెళ్ళాడు. బజారు మలుపులో మందుల షాపు బోర్డు మీద, నిచ్చెన పైమెట్టున బావ అక్షరాలు దిద్దుతున్నాడు. తూకం కిందనుంచి పుస్తకం ఎత్తి చూపించాడు.

"బావా, ఈ ముసలావిడెవరు?"

బావ కుంచె ముంచుకున్నాడు. కిందికి చూడలేదు.

"చదివినవాళ్ళెవరైనా మిగిలుంటే వాళ్ళనడుగు" అన్నాడు.